మత్తు తరువాతి మతి: వృద్ధుల శస్త్రచికిత్సపై ఒక వైద్య వివాద చరిత్ర

వ్యాససంగ్రహం:

వృద్ధాప్యంలో శస్త్రచికిత్స జరిగిన తరువాత జ్ఞాపకశక్తి, అవధానం, ఆలోచనలోని చురుకుదనం తగ్గడంపై వైద్యరంగంలో 1887 నుండి 2018 వరకు సాగిన చర్చను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చర్చను మత్తుమందు దోషమా, కాదా అన్న ఒకే ప్రశ్న చుట్టూ అల్లి చెప్పడం పరిపాటి. దాని వెనుక మరొక ప్రశ్న మొదటినుండీ ఉన్నది. మనిషి మారిపోయాడని ఎవరు చెబితే వైద్యశాస్త్రం నమ్మాలి? ఇంట్లోవారి మాటతో మొదలైన ఈ విచారణ, ఆ మాటను పక్కనపెట్టి పరీక్షల మార్కులను ఆశ్రయించి, ఆరు దశాబ్దాల తరువాత మళ్ళీ ఇంట్లోవారి మాటకు చోటిచ్చిన క్రమాన్ని చూపడం ఈ వ్యాస ఉద్దేశం. అక్షరాస్యతతో ముడిపడిన పరీక్షలు తెలుగు వృద్ధులకు ఎంతవరకు సరిపోతాయన్న అంశం చివరి భాగంలో చర్చించబడింది.

కీలకపదాలు: శస్త్రచికిత్స, మత్తుమందు, వృద్ధాప్యం, డెలీరియం, సంజ్ఞానాత్మక క్షీణత, వైద్యచరిత్ర, హైదరాబాదు క్లోరోఫారం కమిషన్.

1. ప్రవేశిక:

"ఆపరేషన్ అయినప్పటినుంచి మనిషి మునుపటి మనిషి కాడు" అన్న మాట తెలుగు ఇళ్ళలో కొత్తది కాదు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్న తాతగారు కట్టుకర్రతో నడుస్తారు, పెట్టింది తింటారు, పలకరిస్తే బదులిస్తారు. అయితే మునుపు నోటిలెక్కతో తేల్చే పాలవాడి పద్దు ఇప్పుడు తేలదు. చెప్పిన సంగతే మళ్ళీ చెబుతారు. పత్రిక చేతిలో ఉంటుంది, పుట మాత్రం తిరగదు. వైద్యుని దృష్టిలో శస్త్రచికిత్స విజయవంతమైంది, ఎముక అతుక్కున్నది. ఇంట్లోవారి దృష్టిలో ఏదో పోయింది. ఆ పోయినదేమిటో చెప్పడానికి వారి దగ్గర కొలత లేదు.

ఈ రెండు దృష్టుల మధ్య దూరమే ప్రస్తుత వ్యాసానికి విషయం. ముందుగా రెండు స్థితుల తేడాను గుర్తించాలి. శస్త్రచికిత్స జరిగిన గంటలలో, రోజులలో హఠాత్తుగా కలిగి, పూటపూటకూ హెచ్చుతగ్గులతో సాగే అయోమయ స్థితి డెలీరియం. మన పాత వైద్యపరిభాషలోని సన్నిపాత ప్రలాపానికి ఇది దగ్గరిది. ఇందులో మొట్టమొదట చెదిరేది అవధానం. అష్టావధానాన్ని కళగా పెంచుకున్న భాషలో ఈ లక్షణాన్ని వివరించడం కష్టం కాదు: పృచ్ఛకుడు ఒక్కడే అయినా అతని ప్రశ్నమీద మనసు నిలువని స్థితి అది. రెండవది, ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన వారాల తరువాత, నెలల తరువాత మెల్లగా బయటపడే సంజ్ఞానాత్మక క్షీణత. మొదటిది ఎవరికైనా కనిపిస్తుంది. రెండవది ఆ మనిషిని ముందునుంచి ఎరిగినవారికే కనిపిస్తుంది. చరిత్రలోని చిక్కంతా ఈ రెండవదానితోనే వచ్చింది.

2. మత్తుమందుకు ముందే ఉన్న ప్రలాపం:

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1846 అక్టోబరు 16న విలియం మోర్టన్ ఈథర్ ఆవిరితో రోగికి మత్తునిచ్చి బహిరంగంగా శస్త్రచికిత్స జరిపించిన నాటినుండి ఆధునిక మత్తువైద్యం చరిత్ర లెక్కించబడుతున్నది. మరుసటి సంవత్సరం ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారంను ప్రవేశపెట్టారు. శస్త్రచికిత్స తరువాతి మతిభ్రమ మాత్రం ఈ మందులకంటె పాతది. పారిస్‌లోని ప్రసిద్ధ శస్త్రవైద్యుడు గియోమ్ డుప్యుట్రన్ 1835లోనే మరణించారు, అంటే మత్తుమందును ఆయన ఎరుగరు. అయినా గాయాల తరువాత, శస్త్రచికిత్సల తరువాత రోగులలో కలిగే ఒక ప్రలాపాన్ని ఆయన 'నాడీ ప్రలాపం' అన్న పేరుతో వర్ణించారు. మత్తు లేకుండా కోత పడిన శరీరంలో కూడా మతి చెదిరిందన్న ఈ సాక్ష్యాన్ని తరువాతి తరాలవారు తరచుగా మరచిపోయారు.

మత్తుమందు వచ్చిన తొలి దశాబ్దాలలో వైద్యులను వేధించిన ప్రశ్న మతి గురించినది కాదు, ప్రాణం గురించినది. క్లోరోఫారం పీలుస్తూ బల్లమీదనే కొందరు మరణిస్తున్నారు. గుండె ముందు ఆగుతున్నదా, ఊపిరి ముందు ఆగుతున్నదా అన్న వాదం ఐరోపాలో తెగలేదు. ఈ వాదాన్ని తేల్చే ప్రయత్నం హైదరాబాదులో జరిగింది. రెసిడెన్సీ సర్జనుగా, హైదరాబాదు మెడికల్ స్కూలు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్‌ను, 1889లో రెండవ కమిషన్‌ను నడిపించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో లండన్‌నుండి 'లాన్సెట్' పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చారు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, ముందుగా ఆగేది ఊపిరే, గుండె కాదని కమిషన్ తేల్చింది. 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధనలు క్లోరోఫారం గుండె లయను నేరుగా చెదరగొట్టగలదని చూపి ఆ నిర్ణయాన్ని పూర్వపక్షం చేశాయి. మన విషయానికి ఇందులోని ముఖ్యాంశం వేరు. మత్తుమందుల భద్రతపై ఆనాటికి జరిగిన పెద్ద విచారణలలో ఒకటైన దీనిలో ప్రయోగజంతువు బ్రతికిందా, చచ్చిందా అన్నదే ఫలితం. బ్రతికి లేచిన మనిషి మనసు ఎలా ఉన్నదన్నది ప్రశ్నగా రూపుదిద్దుకోలేదు.

ఆ ప్రశ్న దాదాపు అదే కాలంలో మరొకచోట పుట్టింది. లండన్‌లోని బెత్లెమ్ మానసిక చికిత్సాలయ వైద్యుడు జార్జ్ సావేజ్ 1887లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో మత్తుమందుల తరువాత కలిగే ఉన్మాదంపై ఒక వ్యాసం ప్రకటించారు. తాత్కాలికమైన ప్రలాపాన్ని కలిగించే ఏ కారణమైనా దీర్ఘకాలిక మానసిక వైకల్యానికి దారితీయవచ్చునన్నది ఆయన వాదం. సావేజ్ శస్త్రవైద్యుడు కారన్న విషయం గమనార్హం. శస్త్రచికిత్స గదిలో రోగిని చూసినవారికి తట్టని ప్రశ్న, ఆ రోగిని నెలల తరువాత చూసిన మానసిక వైద్యునికి తట్టింది. ఈ సమస్యను ఎప్పుడూ మొదట గుర్తించేది తరువాత చూసేవారే.

3. ఆక్స్‌ఫర్డ్ నగరం, రెండు అధ్యయనాలు (1955, 1961):

సావేజ్ తరువాత సుమారు ఏడు దశాబ్దాలపాటు ఈ విషయం చెదురుమదురు ప్రస్తావనలకే పరిమితమైంది. రెండవ ప్రపంచయుద్ధానంతరం స్థితి మారింది. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడి, ధనంతో నిమిత్తం లేకుండా వృద్ధులు కూడా శస్త్రచికిత్స బల్లమీదకు చేరసాగారు. రక్తస్రావాన్ని తగ్గించడానికి రోగి రక్తపోటును ఉద్దేశపూర్వకంగా దించే పద్ధతి అదే కాలంలో వాడుకలోకి వచ్చింది. శస్త్రచికిత్సకు ముందు మార్ఫీన్, హయోసిన్ వంటి మందులను సూదిద్వారా ఇవ్వడం ఆనవాయితీగా ఉండేది. హయోసిన్ మెదడులోకి చేరి, జ్ఞాపకానికి ఆధారమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. నేడు వృద్ధులకు దానిని సాధ్యమైనంతవరకు ఇవ్వరు.

ఈ నేపథ్యంలో ఆక్స్‌ఫర్డ్‌లో వృద్ధుల వైద్యం చేస్తున్న పి. డి. బెడ్‌ఫర్డ్ 1955లో 'లాన్సెట్'లో ఒక వ్యాసం ప్రకటించారు. వృద్ధులపై మత్తుమందు మెదడుకు చేసే హాని అన్నది దాని విషయం. ఆయనను ఈ పనికి పురికొల్పినది ప్రయోగశాల కాదు, రోగుల బంధువులు. శస్త్రచికిత్స జరిగిననాటినుండి తమ పెద్దవారు మునుపటిలా లేరన్న మాటను ఆయన పదేపదే విన్నారు. విన్నదానిని తోసిపుచ్చకుండా, సాధారణ మత్తుతో శస్త్రచికిత్స జరిగిన 1,193 మంది వివరాలను వెనుదిరిగి పరిశీలించారు. సుమారు పదిమందిలో ఒకరికి మానసిక క్షీణత దీర్ఘకాలం నిలిచినట్లు ఆయన తేల్చారు. మత్తుమందులు, రక్తపోటు పడిపోవడం కారణాలు కావచ్చునని ఊహించారు. తప్పనిసరి అయితే తప్ప వృద్ధులకు శస్త్రచికిత్స చేయరాదని, అలవాటు చొప్పున మందులు ఇవ్వరాదని సూచించారు.

బెడ్‌ఫర్డ్ పద్ధతిలోని లోపాలు స్పష్టమైనవే. శస్త్రచికిత్సకు ముందు ఆ రోగుల మానసిక స్థితిని ఎవరూ కొలవలేదు. శస్త్రచికిత్స జరగని అదే వయసువారితో పోలిక లేదు. ఒక సంఘటన జరిగిన తరువాత దానికి ముందరి రోజులను మనుషులు ఉన్నవాటికంటె మంచిగా గుర్తుపెట్టుకోవడం సహజం. అరవై, డెబ్బై ఏళ్ళ మనిషికి మతిమరుపు శస్త్రచికిత్స లేకున్నా రావచ్చు. ఇంట్లో అందరికీ గుర్తుండే తేదీ శస్త్రచికిత్స తేదీ కాబట్టి, అంతకుముందునుంచీ మెల్లగా సాగుతున్న మార్పును ఆ తేదీకి ముడిపెట్టే అవకాశం ఉన్నది.

ఈ లోపాలను సవరించే ప్రయత్నం అదే ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. బి. ఆర్. సింప్సన్, ఎ. క్రాంప్టన్ స్మిత్, వారి సహచరులు 1961లో 'లాన్సెట్'లోనే ప్రకటించిన అధ్యయనంలో 681 మంది వృద్ధులను ముందుగా ప్రణాళిక వేసుకొని శస్త్రచికిత్సకు ముందు, తరువాత పరీక్షించారు. మత్తుమందు, శస్త్రచికిత్సల మూలంగా మానసిక క్షీణత కలిగిందనదగిన ఆధారం వారికి దొరకలేదు. ఆ విధంగా ఒకే నగరంనుండి, ఒకే పత్రికలో, ఆరేళ్ళ తేడాతో రెండు విరుద్ధ ఫలితాలు వెలువడ్డాయి.

1961 అధ్యయనాన్ని బెడ్‌ఫర్డ్‌కు ఖండనగా చదవడం అలవాటైపోయింది. నా అభిప్రాయంలో ఇది పాక్షికమైన పఠనం. తేదీ నిర్ణయించుకొని చేయించుకునే శస్త్రచికిత్సలు సింప్సన్ బృందానికి ఆధారం. అలాంటి శస్త్రచికిత్సకు ఎంపికైన వృద్ధులు సాధారణంగా మెరుగైన ఆరోగ్యం కలవారు. బెడ్‌ఫర్డ్ చూసినది ఒక వృద్ధుల వైద్యుని దగ్గరకు చేరినవారిని. ఒకరు పెళ్ళివారిని లెక్కించారు, ఒకరు ఆసుపత్రి వరండాలోవారిని లెక్కించారు. సంఖ్యలు కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా తరువాతి మూడు దశాబ్దాలు మత్తువైద్యశాస్త్రం మొత్తంమీద రెండవ ఫలితం వైపే మొగ్గింది.

4. కొలతల కాలం:

1990వ దశకంలో ప్రశ్న మళ్ళీ తలెత్తినప్పుడు దానిని ఎత్తినవారు మత్తువైద్యులే. వేలికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్ అప్పటికి వాడుకలోకి వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన యాకబ్ మోలర్ బృందం 1993లో 20,802 మంది రోగులపై ఆ పరికరం ప్రయోజనాన్ని పరీక్షించింది. మత్తులో ఉన్నప్పుడు ఆక్సిజన్ తగ్గడం, రక్తపోటు పడిపోవడం మెదడును దెబ్బతీస్తుందన్నది సహజంగా తోచే ఊహ. దానిని నిరూపించగలిగితే నివారణ సులువు: పరికరాన్ని చూస్తూ ఉంటే చాలు.

ఈ ఊహతోనే ఐరోపాలోని ఎనిమిది దేశాలు, అమెరికా కలిసి, 13 ఆసుపత్రులలో ఒక అంతర్జాతీయ అధ్యయనాన్ని చేపట్టాయి. దాని ఫలితాలు 1998లో 'లాన్సెట్'లో వెలువడ్డాయి. 60 ఏళ్ళు, ఆపై వయసున్న 1,218 మందికి పొట్ట, ఛాతీ, ఎముకల పెద్ద శస్త్రచికిత్సలకు ముందు, తరువాత పరీక్షలు జరిగాయి. గుండె శస్త్రచికిత్సలను చేర్చలేదు. శస్త్రచికిత్స జరగని సమవయస్కులకు కూడా అవే పరీక్షలను అవే వ్యవధులలో ఇచ్చారు. ఈ పోలికకు ఒక కారణం ఉన్నది. ఒకే పరీక్షను రెండవసారి రాసేవారికి అలవాటువల్ల మార్కులు పెరుగుతాయి. ఆ పెరుగుదలను సమవయస్కులనుండి లెక్కగట్టి, రోగి మార్కులనుండి తీసివేసి, మిగిలిన తగ్గుదల ఒక గణాంక హద్దును దాటితేనే దానిని క్షీణతగా పరిగణించారు.

వారం తరువాత 25.8 శాతం మందిలో, మూడు నెలల తరువాత 9.9 శాతం మందిలో క్షీణత కనిపించింది. పోలిక సమూహంలో ఇది 3.4, 2.8 శాతాలే. అంటే బెడ్‌ఫర్డ్ బంధువుల మాటలనుండి తీసిన పదింట ఒకటి అన్న లెక్కకు దాదాపు సరిపోయే సంఖ్య, 43 ఏళ్ళ తరువాత, ఆయన ఎరుగని పద్ధతిలో బయటపడింది. రెండింటి మధ్య పద్ధతిలో పోలిక లేదు కాబట్టి ఈ సామ్యంనుండి ఎక్కువ రాబట్టకూడదు. ఇంట్లోవారు చూసినది పూర్తిగా భ్రమ కాదనడానికి మాత్రం అది చాలు.

అధ్యయనకర్తలను ఆశ్చర్యపరచినది మరొకటి. ఆక్సిజన్ తగ్గుదలకు గాని, రక్తపోటు పతనానికి గాని క్షీణతతో సంబంధం కనిపించలేదు. ఏ ఊహను నిరూపించడానికి ఇంత శ్రమ పడ్డారో అదే నిలువలేదు. తొలివారపు క్షీణతకు వయసు, మత్తు వ్యవధి, తక్కువ చదువు, రెండవ శస్త్రచికిత్స, ఇన్‌ఫెక్షన్లు, శ్వాస ఇబ్బందులు కారణాలుగా కనిపించగా, మూడు నెలల నాటికి ప్రధానంగా మిగిలినది వయసు ఒక్కటే. 60–69 ఏళ్ళవారిలో 7 శాతం, 70 దాటినవారిలో 14 శాతం.

తదనంతర పరిశోధనలు విషయాన్ని మరింత జటిలం చేశాయి. అదే బృందం 2000లో, ఒకటి రెండేళ్ళ తరువాత రోగులను మళ్ళీ పరీక్షించినప్పుడు క్షీణత 10.4 శాతంగా, శస్త్రచికిత్స జరగనివారిలో 10.6 శాతంగా తేలింది. అంటే తేడా మాయమైంది. 2003లో వెన్నులో ఇచ్చే మత్తును, సాధారణ మత్తును పోల్చినప్పుడు మూడు నెలల నాటి ఫలితంలో చెప్పుకోదగిన భేదం లేదు. న్యూయార్క్‌లో 1995లోనే మోకీలు మార్పిడి జరిగిన 262 మందిపై చేసిన పోలికలోనూ ఇదే ఫలితం వచ్చింది. ఇక 2009 నాటి డేనిష్ పరిశీలనలో మూడు నెలలకు క్షీణత కనిపించినవారిలో తరువాతి సంవత్సరాల మరణాలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. సగటున మాయమైన తేడా కొందరి జీవితాలలో మిగిలే ఉన్నదన్నమాట.

ఈ దశలో జరిగిన ఒక పద్ధతిపరమైన మార్పు మీద తగినంత చర్చ జరగలేదని నేను భావిస్తున్నాను. క్షీణత అన్నది పూర్తిగా పరీక్షల మార్కుల ఆధారంగా నిర్ణయమైంది. రోగికి గాని, ఇంట్లోవారికి గాని ఏ మార్పూ తెలియకపోయినా మార్కులు తగ్గితే క్షీణత ఉన్నట్లే, ఇంటిల్లిపాదీ మారాడన్నా మార్కులు నిలిస్తే లేనట్లే. దీనికి అప్పట్లో ఒక సమర్థన ఉన్నది. మతిమరుపు వచ్చిందని రోగి స్వయంగా చేసే ఫిర్యాదు పరీక్షల మార్కులకంటె అతని దిగులుతో ఎక్కువగా ముడిపడి ఉంటుందని 1980, 1990వ దశకాల అధ్యయనాలు చూపాయి. దిగులుపడినవాడు తనకు ఏదీ గుర్తుండటం లేదంటాడు, నిజంగా మరచిపోయేవాడు తాను మరచిపోయిన సంగతినే మరచిపోతాడు. ఇది సరైన పరిశీలనే. అయితే బెడ్‌ఫర్డ్ సాక్షి రోగి కాదు, బంధువు. రోగి సాక్ష్యంలోని లోపాన్ని చూపి బంధువు సాక్ష్యాన్ని కూడా కొట్టివేయడం ఆధారం లేని అడుగు.

5. గుండె శస్త్రచికిత్స: కారణం యంత్రమా?

ఇదే వాదం గుండె వైద్యంలో సమాంతరంగా నడిచింది. ఫిలడెల్ఫియాలో 1953 మే 6న జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రంతో విజయవంతంగా శస్త్రచికిత్స చేసిన తరువాత ఆ యంత్రం వాడకం విస్తరించింది. యంత్రం గుండా రక్తం ప్రవహించేటప్పుడు సూక్ష్మమైన గాలిబుడగలు, కణాలు మెదడుకు చేరి హాని చేస్తాయన్న అనుమానం బలపడింది. 2001లో డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం బైపాస్ జరిగిన 261 మందిని ఐదేళ్ళు అనుసరించి, ఇంటికి వెళ్ళేనాటికి 53 శాతం, ఆరు నెలలకు 24 శాతం, ఐదేళ్ళకు 42 శాతం మందిలో క్షీణత ఉన్నదని ప్రకటించింది. ఈ సంఖ్యలు పత్రికలకెక్కి చాలామంది రోగులను భయపెట్టాయి. కాని ఇందులో పోలిక సమూహం లేదు. యంత్రం లేకుండా, కొట్టుకుంటున్న గుండెపైనే బైపాస్ చేసినవారితో నెదర్లాండ్స్ వైద్యులు పోల్చి చూడగా ఐదేళ్ళకు ఇరువర్గాలలోనూ దాదాపు సగం మందిలో క్షీణత కనిపించింది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు శస్త్రచికిత్స లేకుండా మందులతోనే ఉన్న గుండెరోగులతో పోల్చినప్పుడు దీర్ఘకాలంలో ఇరువురి క్షీణతా ఒకే తీరుగా సాగింది. గుండె ధమనులను మూసిన జబ్బు మెదడు ధమనులను వదలదు కదా. యంత్రం మీది నింద చాలావరకు రక్తనాళాల జబ్బుకు బదిలీ అయింది.

6. మందా, గాయమా?

మత్తుమందుపై అనుమానం ప్రయోగశాలలో మాత్రం మళ్ళీ చిగురించింది. ఆవిరి రూపంలో ఇచ్చే మత్తుమందులు అల్జీమర్స్ వ్యాధిలో పేరుకునే అమైలాయిడ్ అనే మాంసకృత్తు గుంపుగా చేరడాన్ని పెంచుతాయని 2004లో రొడెరిక్ ఎకెన్‌హాఫ్ బృందం పరీక్షనాళికలో చూపింది. పరీక్షనాళికనుండి మనిషికి దూరం ఎక్కువ. తుంటి ఎముక విరిగిన వృద్ధులలో వెన్నుమత్తును, సాధారణ మత్తును యాదృచ్ఛికంగా పంచి చూసిన రెండు పెద్ద పరీక్షలు ఇటీవల వెలువడ్డాయి. 2021 నాటి అమెరికా-కెనడా అధ్యయనంలో 1,600 మంది, 2022 నాటి చైనా అధ్యయనంలో 950 మంది పాల్గొన్నారు. డెలీరియం విషయంలో రెండింటిలోనూ చెప్పుకోదగిన తేడా లేదు. మత్తు లోతును మెదడు తరంగాలతో కనిపెడుతూ మందు తగ్గించిన 2019 నాటి అమెరికా పరీక్షలోనూ 1,232 మందిలో డెలీరియం తగ్గలేదు.

ఈలోగా జంతుప్రయోగాలు మరొక దారి చూపాయి. కోత, ఎముక విరుపు శరీరంలో శోథను రేపుతాయి. గాయపడిన కణజాలంనుండి వెలువడిన సంకేతరసాయనాలు రక్తం ద్వారా మెదడును చేరి, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ భాగంలో రక్షకకణాలను మేల్కొల్పుతాయి. యువ మెదడు ఈ అలజడిని త్వరగా అణచుకుంటుంది. వృద్ధాప్యంలోని మెదడులో, ముఖ్యంగా అప్పటికే వ్యాధి బీజం పడి ఉన్నచోట, అది చల్లారడానికి ఎక్కువ కాలం పడుతుంది. మనుషులలో ఈ దారి ఎంతమేరకు నిజమో ఇంకా తేలవలసి ఉన్నా, మత్తు ఎరుగని డుప్యుట్రన్ రోగులు ప్రలాపించడం ఈ వివరణతో పొసగుతుంది.

డెలీరియాన్ని గుర్తించే సులభమైన పద్ధతిని 1990లో రూపొందించిన షారన్ ఇనోయి, 1999లో దాని నివారణకు మందులేవీ అక్కరలేని ఒక ప్రణాళికను 852 మంది ఆసుపత్రి రోగులపై పరీక్షించారు. కళ్ళజోడు, వినికిడి పరికరం దగ్గర ఉంచడం, రాత్రి నిద్ర చెదరనీయకపోవడం, త్వరగా నడిపించడం, నీరు తాగించడం, రోజు, స్థలం గుర్తుచేస్తూ మాట్లాడటం. డెలీరియం 15 శాతంనుండి 9.9 శాతానికి తగ్గింది. ఇందులో చాలా పనులు మన ఆసుపత్రులలో రోగి మంచం పక్కన చాపవేసుకున్న కూతురో, కోడలో చేసేవే. అయితే ఐ.సి.యు. తలుపు దగ్గర ఆమెను ఆపివేస్తారు.

7. పేరు మార్పు, సాక్షి పునఃప్రవేశం:

సెయింట్ లూయిస్‌కు చెందిన మైకేల్ అవిడాన్, అలెక్స్ ఎవర్స్ బృందం 2009లో 575 మంది వృద్ధుల దీర్ఘకాల రికార్డులను తిరగేసి, గుండెకు సంబంధించని శస్త్రచికిత్స దీర్ఘకాలిక క్షీణతకు కారణం కాదని వాదించింది. వారి తర్కం బెడ్‌ఫర్డ్‌పై వచ్చిన విమర్శకు పరిణతరూపం. శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి కొలిస్తే సరిపోదు. ముందునుంచే మనిషి ఏ వాలులో దిగుతున్నాడో తెలియాలి. మరోవైపు, డెలీరియం వచ్చినవారి వాలు ఆ తరువాత మరింత నిటారుగా మారుతున్నదని ఇనోయి బృందం 560 మందిని ఏళ్ళ తరబడి అనుసరించి చూపింది. సావేజ్ 1887లో చెప్పినదానికి ఇది దగ్గరగా ఉన్నది. డెలీరియమే కారణమా, లేక బలహీనమైన మెదడును బయటపెట్టే సూచికా అన్నది వేరే ప్రశ్న.

2018లో లిస్బెత్ ఎవరెడ్ తదితరుల అంతర్జాతీయ బృందం పాత పేర్లను రద్దుచేయాలని సూచించింది. ఈ సిఫారసులు పలు మత్తువైద్య పత్రికలలో ఏకకాలంలో వెలువడ్డాయి. శస్త్రచికిత్స తరువాత 30 రోజులలోపు కనిపించేదానిని 'ఆలస్యమైన కోలుకోలు'గా, 30 రోజులనుండి 12 నెలలవరకు ఉన్నదానిని శస్త్రచికిత్సానంతర నాడీసంజ్ఞాన వైకల్యంగా పిలవాలన్నది ఆ ప్రతిపాదన. పేర్లకంటె ముఖ్యమైనది నిర్వచనం. మార్కులు తగ్గడం ఒక్కటే ఇక చాలదు. మార్పు ఉన్నదని రోగి గాని, అతనిని బాగా ఎరిగినవారు గాని, వైద్యుడు గాని చెప్పాలి. దైనందిన జీవనం ఎంత కుంటుపడిందో చూడాలి. మానసిక వైద్యసంఘం 2013 నాటి నిర్దేశికలో డిమెన్షియాకు ఉన్న నియమాలనే ఇక్కడికి తెచ్చారు. 1955లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుని గదిలో మాట్లాడిన బంధువు 63 ఏళ్ళ తరువాత నిర్వచనంలోకి తిరిగి వచ్చాడు. ఈసారి ఒంటరిగా కాదు, పరీక్ష మార్కులతో కలిసి.

8. తెలుగు వృద్ధులు, అక్షరం, సాక్షి:

1998 అధ్యయనంలో తక్కువ చదువు తొలి క్షీణతకు ఒక కారణంగా కనిపించిందని పైన చెప్పుకొన్నాం. దీనిని రెండు విధాలుగా చదవవచ్చు. చదువు మెదడుకు నిలువధనం వంటిదని, అది ఉన్నవారు దెబ్బను తట్టుకుంటారని ఒక వివరణ. పరీక్షలే చదువుకున్నవారికి అనుకూలమైనవన్నది మరొక వివరణ. అక్షరాలను అంకెలతో జతపరచడం, రంగు పేరు ఒకటి, అచ్చైన రంగు మరొకటిగా ఉన్న మాటలను చదవడం, చూపిన పదాల జాబితాను అప్పజెప్పడం ఆ పరీక్షలలోని అంశాలు. వీటిని మెదక్ జిల్లాలోనో శ్రీకాకుళం జిల్లాలోనో పొలం పనితో జీవితం గడిపిన, సంతకం మాత్రమే నేర్చిన 70 ఏళ్ళ స్త్రీకి ఇస్తే, శస్త్రచికిత్సకు ముందే ఆమె మార్కులు అడుగున ఉంటాయి. అడుగున ఉన్నది ఇంకా తగ్గలేదు. ఆమెకు నిజంగా జరిగిన నష్టం కాగితం మీద కనిపించదు.

ఈ చిక్కు భారతీయ పరిశోధకులకు కొత్తది కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో నిరక్షరాస్యులైన గ్రామీణులకోసం 1995 నాటికే చదవడం, రాయడం అవసరమయ్యే అంశాలను మార్చి హిందీలో ఒక మానసిక స్థితి పరీక్షను రూపొందించారు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం తెలుగు, హిందీలకు అనువుగా మార్చిన పరీక్షతో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. బడి ద్వారా కాక, బజారు ద్వారా, ఇరుగుపొరుగు ద్వారా అబ్బిన ఉర్దూ లేదా తెలుగు కూడా మెదడుకు నిలువధనమేనన్న అనుమానానికి ఇది చోటిచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తరువాతి కాలంలో రూపొందించిన ఐదు భాషల పరీక్షాసముదాయంలో తెలుగు కూడా ఉన్నది. ఈ సాధనాలన్నీ డిమెన్షియా నిర్ధారణకోసం పుట్టినవి. శస్త్రచికిత్సకు ముందు, తరువాత వారాల వ్యవధిలో మళ్ళీ మళ్ళీ ఇవ్వదగిన జంటరూపాలు, అలవాటువల్ల పెరిగే మార్కుల లెక్క వేరే పని.

ఇక సాక్షి సంగతి. ఆస్ట్రేలియాలో 1989లో ఆంటొనీ జోర్మ్ బృందం రూపొందించిన ప్రశ్నావళి పెద్దవారిని పదేళ్ళ కిందటి తమతో పోల్చి చెప్పమని దగ్గరివారిని అడుగుతుంది: కుటుంబవిషయాలు గుర్తున్నాయా, వస్తువులు ఎక్కడుంటాయో తెలుసా, డబ్బు వ్యవహారం చూసుకోగలరా. అక్షరంతో దీనికి పని తక్కువ కాబట్టి మన గ్రామాలకు సరిపోతుంది. అయితే దగ్గరివారు ఎవరన్నది తెలుగునాట నేడు సులువైన ప్రశ్న కాదు. ఆసుపత్రి పత్రాలపై సంతకం చేసే కొడుకు డల్లాస్‌లో ఉండి ఆదివారం ఫోనులో మాట్లాడేవాడు కావచ్చు. ఐదు నిమిషాల మాటలలో మర్యాద నిలబడుతుంది, మతిమరుపు బయటపడదు. రోజూ వచ్చి గిన్నెలు తోమే పనిమనిషికి, మందులు ఇచ్చే పక్కింటావిడకు అది తెలుస్తుంది, వారిని ఎవరూ అడగరు. అంతకంటె ముఖ్యంగా, ఆ ప్రశ్నలు శస్త్రచికిత్స జరిగిన తరువాత అడిగితే బెడ్‌ఫర్డ్ ఎదుర్కొన్న అభ్యంతరమే మళ్ళీ ఎదురవుతుంది. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఇ.సి.జి. జరిగే ఆ ముందురోజు ఉదయమే, ఇంటినుండి వెంట వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టి పది నిమిషాలు అడిగి రాసుకోవలసిన ప్రశ్నలవి.